బ్రేక్ కాలిపర్లకు ఇంటి దగ్గర రంగు ఏస్తే ఎన్నాళ్లు ఆగుతది?

ప్రశ్న (హన్మకొండ): అన్నలూ, కారు ముందు చక్రాల కాలిపర్లకు (ప్యాడ్లతోటి డిస్కును పట్టి బండిని ఆపే బిగింపులు) ఎర్ర రంగు ఏద్దామనుకుంటున్న. విప్పకుండ ఏస్తే ఆగుతదా? మామూలు స్ప్రే డబ్బా సరిపోతదా?

జవాబు (కాజీపేట): మామూలు ఎనామిల్ వద్దు తమ్మీ, బ్రేక్ వేడికి మెత్తబడి పొట్టు లేస్తది. 250 డిగ్రీలు తట్టుకునే కాలిపర్ పెయింటే తీస్కో. అసలు పనంతా కడుగుడులనే ఉంది. వైరు బ్రష్‌తోటి తుప్పు గీకి, బ్రేక్ క్లీనర్ కొట్టి, తెల్ల గుడ్డకు నలుపు అంటనిదాక తుడువు. డిస్కు, రబ్బరు బూట్లు (దుమ్ము పోకుండ ఉండే తొడుగులు), బ్లీడర్ నిపుల్ (బ్రేక్ ఆయిల్ల గాలి తీసే చిన్న మర), హోస్ పైపుకు మాస్కింగ్ టేపు చుట్టు. పల్చగ మూడు కోట్లు, నడుమ 15 నిమిషాలు. 24 గంటలు బండి తియ్యకు.

జవాబు (కరీంనగర్): టేపు సంగతి తేలిగ్గ తీస్కోకు. స్లైడ్ పిన్నుల (కాలిపర్ అటిటు జరిగే కడ్డీలు) మీద, ప్యాడ్ కూసునే చోట రంగు పడితే ప్యాడ్ జామై డిస్కును రాసుకుంటనే ఉంటది, చక్రం కాలుతది. ఉత్త జాకీ మీద పని చెయ్యకు, స్టాండు పెట్టాలె.

జవాబు (నర్సంపేట): మే నెల మిట్టమధ్యాహ్నం కొడితే రంగు ఇనుముకు అంటకముందే ఆరి గరుకుగ దిగుతది. పొద్దున్నే నీడకు కొట్టు. మంచిగ కడిగి ఏస్తే రెండు మూడేండ్లు ఆగుతది. మొదలు లేచేది బ్లీడర్ చుట్టే, బ్రేక్ ఆయిల్ చుక్క పడ్డా రంగు ఊడుతది. సర్వీసుల బ్లీడింగ్ అయినంక అక్కడ వెంటనే నీళ్లతో కడిగించు.