కళ్లెం అంటే నోట్లోని ఇనుప కడ్డీయా, తలకు తొడిగేదంతానా?

ప్రశ్న (అనువాదం_పనిలో):
గుర్రాల లాయం నేపథ్యంగా సాగే ఒక పిల్లల కథను తెలుగు చేస్తున్నాను. బ్రైడిల్, బిట్, రెయిన్స్, హాల్టర్ నాలుగూ ఒకే పేజీలో వస్తున్నాయి. అన్నిటికీ కళ్లెం అంటే కుదరడం లేదు. నిఘంటువుల్లో కళ్లెం, వాగె, పగ్గం, లగాము, ఖలీనం కనిపిస్తున్నాయి. ఏది దేనికి వాడాలి? ఇంకొకటి: కథలో పాప గుర్రానికి బ్రైడిల్ తొడుగుతుంది, తర్వాత రెయిన్స్‌తోనే గుంజకు కట్టేస్తుంది. బొమ్మలు వేసేవారు ఏది ముందు, ఏది వెనక అని అడుగుతున్నారు.

జవాబు (పదపేటిక):
కళ్లెం రెండు అర్థాల్లోనూ చెల్లుతుందండీ. ఇరుకుగా చూస్తే గుర్రం నోట్లో అడ్డంగా ఉండే ఇనుము. సంస్కృతంలో ఖలీనం, కవిక అనేవి దాన్నే. విస్తారంగా చూస్తే ఆ ఇనుము, దాన్ని మోసే తోలు పట్టీలు, చేతిలో పట్టుకునే పగ్గాలు అన్నీ కలిపి కళ్లెమే. ‘కళ్లెం తొడిగాడు’ అంటే మొత్తం, ‘కళ్లెం కొరికింది’ అంటే ఇనుము. పక్కనున్న క్రియే అర్థం తేలుస్తుంది. మీ పేజీలో రెండూ ఉన్నాయి కాబట్టి బ్రైడిల్‌కు కళ్లెం, బిట్‌కు నోటి కడ్డీ అని విడదీయండి.

రెయిన్స్‌కు వాగె సరైన మాటే. సంస్కృత వల్గ నుంచి వచ్చింది. కాకపోతే ఈనాటి పిల్లలకు తెలియదు, పగ్గాలు అంటే చాలు. లగాము పారసీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన మాట, అర్థం కళ్లెమే. హాల్టర్‌కు అచ్చంగా సరిపోయే మాట కోసం వెతకొద్దు. హాల్టర్ అనే ఉంచి, మొదటిసారి మాత్రం ‘నోటి కడ్డీ లేని తలకట్టు’ అని చెప్పండి. ముకుతాడు మాత్రం రాయకండి. అది ఎద్దుది, ముక్కు దూలానికి బెజ్జం వేసి దూర్చేది. చిక్కం కూడా కాదు, అది పైరు మేయకుండా ఎద్దు మూతికి కట్టే వల.

జవాబు (లాయం_పని):
మాటల సంగతి పై వారు చెప్పారు. బొమ్మల కోసం వరస ఇది.

పాప గుర్రానికి ఎడమ పక్క, భుజం దగ్గర నిలబడాలి. ముందు పగ్గాలు మెడ మీదుగా వేయాలి. హాల్టర్ విప్పాక కూడా గుర్రం చేతిలో ఉండేది వాటివల్లే. తర్వాత హాల్టర్ ముక్కు మీద నుంచి తీసి మెడ చుట్టూ పెట్టాలి. కుడిచేత్తో కళ్లెం పైపట్టీని నుదుటి దగ్గర పట్టుకుని, ఎడమ అరచేతిలో కడ్డీ పెట్టి పళ్లకు ఆనించాలి. నోరు తెరవకపోతే బొటనవేలు పెదవి మూలలో పెడితే చాలు. ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య అక్కడ ఖాళీ చిగురు ఉంటుంది, కడ్డీ కూర్చునేదీ ఆ ఖాళీలోనే. తెరవగానే కుడిచెయ్యి పైకి లేపితే కడ్డీ నాలుక మీదుగా లోపలికి వెళ్తుంది. కడ్డీని తోయకూడదు, పళ్లకు కొట్టకూడదు. ఒక్కో చెవినీ ముందుకు వంచి పట్టీలోంచి తీయాలి, నుదుటి జుట్టు బయటకు లాగాలి.

చివర్లో బిగింపు. గొంతు పట్టీ కింద నాలుగు వేళ్లు పట్టాలి. బిగిస్తే గుర్రం మెడ వంచినప్పుడు గొంతు నొక్కుకుంటుంది. ముక్కు పట్టీకీ ముక్కెముకకూ మధ్య రెండు వేళ్లు. సాధారణ కడ్డీ సరిగ్గా కూర్చుంటే నోటి మూలల్లో ఒకటి రెండు ముడతలు కనిపిస్తాయి. మరీ కిందికి జారితే గుర్రం నాలుకను కడ్డీ పైకి తెచ్చేస్తుంది, ఆపైన పగ్గం పనిచేయదు. మగ గుర్రాల్లో కోరపళ్లకూ తగులుతుంది. వెడల్పులో అటూ ఇటూ 5 మిల్లీమీటర్ల సందు చాలు. ఎక్కువైతే కడ్డీ ఒక పక్కకు జారుతుంది, తక్కువైతే పెదవి మూలలు ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి.

ఇక పగ్గాలతో గుంజకు కట్టడం వద్దే వద్దు. గుర్రం బెదిరి వెనక్కి లాగిందంటే ఆ బలమంతా నాలుక మీద, ఖాళీ చిగురు మీద పడుతుంది. నాలుక తెగే ప్రమాదం ఉంది. కట్టాల్సింది హాల్టర్ తాడుతో, ఒక్క లాగుడుకు ఊడే ముడితో, గుర్రం భుజాలంత ఎత్తులో. మూలంలో ఎలా ఉన్నా రచయితను అడిగి మార్చండి. పిల్లలు చూసి నేర్చుకుంటారు.

ప్రశ్న (అనువాదం_పనిలో):
ధన్యవాదాలండీ. మార్చమని అడుగుతాను. కథలో ఇంకోచోట ‘గట్టి కళ్లెం’ వేస్తారు, గుర్రం మాట వినడం లేదని. అది వేరే రకమా?

జవాబు (లాయం_పని):
బహుశా కర్బ్ కడ్డీ అయి ఉంటుంది. దానికి పక్కల పొడుగు కాళ్లుంటాయి, గడ్డం కింద గొలుసు ఉంటుంది. ఆ కాళ్లు కడ్డీకి పైన 5 సెంటీమీటర్లు, కింద 10 ఉంటే, పగ్గం ఎంత లాగితే గొలుసు దగ్గర దానికి రెట్టింపు నొక్కుతుంది. సాదా కడ్డీలో ఈ మీట లేదు, లాగినంతే పడుతుంది. అనుభవం లేని చేతికి కర్బ్ ఇవ్వకూడదన్నది ఇందుకే. పైగా మాట వినని గుర్రానికి ముందు చూడాల్సింది పళ్లు. దవడ పళ్ల ముందు చిన్న పన్ను ఒకటి కొన్నిటికి మొలుస్తుంది, కడ్డీ దానికి తగిలితే తల విదిలిస్తుంది. అప్పుడు గట్టి కళ్లెం వేస్తే బాధ పెరుగుతుందే తప్ప అదుపు రాదు.

మన దగ్గర ‘గట్టి కళ్లెం’ అనగానే పెళ్లి ఊరేగింపు గుర్రాలకూ బండి గుర్రాలకూ వేసే ముళ్ల కళ్లెం గుర్తొస్తుంది. బండి, బరువు పశువుల మీద క్రూరత్వ నివారణకు 1965లో వచ్చిన కేంద్ర నియమాల్లో 8వ నియమం ముళ్లూ బుడిపెలూ ఉన్న కడ్డీలను నిషేధించింది. బొమ్మలో అలాంటిది రాకుండా చూడండి.

జవాబు (పదపేటిక):
నుడికారం విషయం ఒకటి. ‘ధరలకు కళ్లెం’, ‘నోటికి కళ్లెం’ అని పత్రికలు రోజూ రాస్తాయి, బాగానే ఉంటుంది. కళ్లెం వేసిన గుర్రం ఆగిపోదు, అదుపులో నడుస్తుంది. అందుకే ‘అక్రమ రవాణాకు కళ్లెం’ అని చదివితే నాకు కొంచెం ఎబ్బెట్టు. అక్రమ రవాణా అదుపులో సాగాలని ఎవరూ కోరరు కదా, అక్కడ అడ్డుకట్ట నయం. అధికారం చేతికి రావడం ‘పగ్గాలు చేపట్టడం’, కళ్లెం చేపట్టడం అనరు. హద్దు లేని సంతోషానికి ‘పట్టపగ్గాల్లేవు’ అంటాం. మీ కథలో గుర్రం తప్పించుకుని పరిగెత్తే ఘట్టం ఉంటే, ‘కళ్లెం తెంచుకుంది’ అనే ముందు ఏం తెగిందో చూసుకోండి. తెగేది తోలు పగ్గమే, ఇనుప కడ్డీ కాదు.