బడిలో వంట క్లబ్ పెట్టాలనుకుంటున్నాం, సలహా ఇవ్వండి

అందరికీ నమస్కారం. అనంతపురం దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు చెబుతాను. ఆరు, ఏడు తరగతుల పిల్లలతో శనివారాలు వంట క్లబ్ నడపాలని ఉంది. మధ్యాహ్న భోజన పథకంలో రాగిజావ, చిక్కీ ఇస్తున్నా కొందరు పక్కన పెట్టేస్తారు. అదే పిల్లలతో మొన్న ఉగ్గాని చేయించాను. బొరుగులు నీళ్లలో వేసి వెంటనే పిండేయాలి, ఆలస్యమైతే ముద్దయిపోతాయి. తాలింపు నేనే వేశాను గానీ పిండడం, పుట్నాలపొడి చల్లడం అంతా వాళ్లే. గిన్నె ఊడ్చేశారు! ఉల్లిపాయ ముట్టనివాడు కూడా తిన్నాడు. కొలతలు, భిన్నాలు అక్కడే వచ్చేస్తాయి. పులియడం గురించి బోర్డు మీద ఎంత చెప్పినా, పొంగిన దోసెపిండి చూస్తే అర్థమైనట్టు కాదు.

చిక్కల్లా, "మగపిల్లాడికి గరిటె ఎందుకు సార్?" అని కొందరు తండ్రులు అడ్డుపడుతున్నారు. హెడ్మాస్టరుగారికేమో గ్యాస్ స్టవ్ అంటే టెన్షన్.

ఇలాంటిది నడిపినవాళ్లుంటే చెప్పండి. పొయ్యి వెలిగించకుండా మన సీమ వంటల్లో ఏవి చేయించవచ్చు? కత్తి ఏ వయసు నుంచి ఇవ్వచ్చు? వేరుశనగ పడని పిల్లల్ని ముందే ఎలా కనుక్కుంటున్నారు? మన దగ్గర అది లేని చట్నీ ఉండదు కదా. పిల్లల దగ్గర డబ్బు అడగకుండా సరుకులు ఎలా సర్దుకుంటున్నారు?