అటెస్టేషన్ ఫారంలో రాజీ అయిపోయిన కేసు రాయాలా?

కృష్ణాతీరం:
మా తమ్ముడు కేంద్ర బలగాల్లో కానిస్టేబుల్‌గా సెలెక్ట్ అయ్యాడండీ, మెడికల్ కూడా అయిపోయింది, ఇప్పుడు అటెస్టేషన్ ఫారం (పోలీసు విచారణ కోసం మన వివరాలు రాసిచ్చేది) నింపాలి. డిగ్రీలో ఉండగా నిమజ్జనం రోజు ఊళ్లో కొట్లాట జరిగితే వీడి మీద ఐపీసీ 323 (కొట్టడం), 506 (బెదిరించడం) కింద కేసు పెట్టారు, తర్వాత లోక్ అదాలత్‌లో రాజీ అయ్యారు. "కేసే లేదు కదా, రాస్తే కొరివితో తల గోక్కున్నట్టే" అంటున్నారు పెదనాన్న. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

బార్‌రూమ్:
రాయాల్సిందే. ఆ ఫారం అడిగేది శిక్ష పడిందా అని ఒక్కటే కాదు, ఎప్పుడైనా అరెస్టయ్యారా, ప్రాసిక్యూషన్ జరిగిందా, అంటే కోర్టులో కేసు నడిచిందా అని కూడా అడుగుతుంది, కేసు ఎలా ముగిసినా ఆ ప్రశ్నకు జవాబు మారదు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచ్ ఈ విషయం మీదే తీర్పిచ్చింది. చిన్న వయసులో నినాదాలు చేయడం లాంటి చిల్లర కేసైతే, దాచినా అధికారి క్షమించవచ్చు అంది. కానీ అది అధికారి ఇష్టం, మీ తమ్ముడి హక్కు కాదు. దాన్ని నమ్ముకుని దాచొద్దు.

ఖాకీ_రిటైర్డ్:
పెదనాన్నగారికి చెప్పండి, ఇది పాతకాలం కాదు. ఫారం జిల్లా పోలీసులకు వస్తుంది, స్టేషన్ రికార్డు చూస్తారు, ఊళ్లో విచారిస్తారు, పైగా ఎఫ్‌ఐఆర్‌లు ఇప్పుడు సీసీటీఎన్‌ఎస్‌లో, అంటే దేశమంతా పోలీస్ స్టేషన్లను కలిపే కంప్యూటర్ రికార్డులో ఉంటాయి. రాజీ అయినంత మాత్రాన ఎఫ్‌ఐఆర్ చెరిగిపోదు. కొట్లాట కేసును చూసే తీరు వేరు, అబద్ధం చెప్పాడని తేలితే చూసే తీరు వేరు, రెండోదానికి ట్రైనింగ్ మధ్యలో ఉన్నా ఇంటికి పంపేస్తారు.

నెల్లూరు_వాసి:
నిజం రాస్తే ఉద్యోగం ఖాయం అని మాత్రం ఎవరూ భరోసా ఇవ్వకండి, అది తప్పు. 2013లో మెహర్ సింగ్ కేసు చూడండి, ఢిల్లీ పోలీసులో అభ్యర్థి కేసు సంగతి చెప్పాడు, రాజీతో బయటపడ్డాడు, అయినా స్క్రీనింగ్ కమిటీ కాదంది, సుప్రీంకోర్టు కమిటీనే సమర్థించింది. యూనిఫాం ఉద్యోగాల్లో ఈ పట్టింపు మరీ ఎక్కువ. నాకైతే ఇది కొంచెం అన్యాయంగానే అనిపిస్తుంది, ఊరి గొడవల్లో పక్కన నిలబడ్డవాడి పేరు కూడా ఎఫ్‌ఐఆర్‌లో రాసేస్తారు కదా.

కృష్ణాతీరం:
అందరికీ థాంక్స్ అండీ. ఇంకో భయం ఉంది, మొదట పెట్టిన అప్లికేషన్‌లో కేసుల దగ్గర "లేదు" అని పెట్టేశాడట. ఇప్పుడు రాస్తే అది బయటపడదా?

బార్‌రూమ్:
బయటపడనివ్వండి, వాళ్లు పట్టుకునేలోపు తనే చెప్పడం మేలు. 2011లో సందీప్ కుమార్ కేసు దాదాపు ఇలాంటిదే. అప్లికేషన్‌లో రాయలేదు, అటెస్టేషన్ ఫారంలో రాశాడు, కుర్రతనంలో జరిగిందని సుప్రీంకోర్టు అతని వైపే నిలిచింది. అందరికీ అలాగే జరుగుతుందని కాదు గానీ రెండుసార్లు దాచినవాడి కంటే నయం. క్రైమ్ నంబరు, స్టేషన్, సెక్షన్లు, రాజీ తేదీ అన్నీ రాసి, లోక్ అదాలత్ అవార్డు (రాజీ ఉత్తర్వు) సర్టిఫైడ్ కాపీ జత చేయమనండి. అప్లికేషన్‌లో ఎందుకు "లేదు" అన్నాడో ఒక కాగితం మీద ఉన్నదున్నట్టు రాసి సంతకం పెట్టమనండి, ఆ కాగితానికీ ఫారానికీ జెరాక్సులు ఇంట్లో ఉంచుకోండి.