లవ్ బర్డ్స్ ఒకటే పంజరం చువ్వలకి కొట్టుకుంటున్నాయి, ఏం చేయాలో తెలీట్లేదు (మారతహళ్లి, బెంగళూరు)

బాల్కనీ_బాధితుడు:
పొద్దున్న అయిదున్నర నుంచి పంజరం ముందే కూర్చున్నా, తల పగిలిపోతోంది. నాలుగు లవ్ బర్డ్స్, రెండేళ్లుగా బానే ఉన్నాయి, శనివారం నుంచి ఉన్నట్టుండి అన్నీ ఒక్కసారే ఎగిరి చువ్వలకి కొట్టుకుని ఆ తర్వాత బొమ్మల్లా బిగుసుకుపోతున్నాయి, ఒకదాని రెక్కకి రక్తం కూడా వచ్చింది. గింజలు మార్చలేదు, పంజరం మార్చలేదు. జబ్బేమో అంటే డాక్టర్ దగ్గరికి ఈ ట్రాఫిక్‌లో సిల్క్ బోర్డు జంక్షన్ దాటాలి.

రెక్కల_రాజ్యం:
ముందు అవి లవ్ బర్డ్స్ కావండీ, బడ్జీలు. ఆస్ట్రేలియావి. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికావి. షాపువాడు ఏం చెప్తే అదే అనేస్తారు అందరూ.

కేఆర్‌పురం_కోళ్లు:
బాల్కనీలో కొత్తగా ఏం పెట్టారు?

బాల్కనీ_బాధితుడు:
ఏం లేదండీ. ఆ, పావురాల గోల పడలేక గద్ద ఆకారం గాలిపటం కర్రకి కట్టా, అది పావురాలకి కదా.

కేఆర్‌పురం_కోళ్లు:
తీసెయ్యండి.

బాల్కనీ_బాధితుడు:
ఇవి పంజరంలోనే పుట్టాయండీ, గద్దని జన్మలో చూడలేదు. ఎవరు నేర్పారు?

క్లాసు_మాస్టారు:
నేర్పక్కర్లేదు, పుట్టుకతోనే వస్తుంది, అదే సహజాతం. పావ్‌లోవ్ అనే శాస్త్రవేత్త ప్రయోగంలో కుక్కకి చప్పుడు వింటే నోరూరాలంటే అలవాటు చేయాలి, మాంసం పెడితే ఎవరూ నేర్పకుండానే ఊరుతుంది, ఆ మాంసం నిర్నిబంధిత ఉద్దీపన, అంటే నేర్పకుండానే స్పందన తెప్పించేది. 1937లో లోరెంజ్, టిన్‌బర్గెన్ అనే జంతు ప్రవర్తన శాస్త్రవేత్తలు ఒక అట్టబొమ్మని పక్షి పిల్లల మీదుగా లాగారు, ఒకవైపు లాగితే పొట్టి మెడతో గద్దలా ఉంటుంది, అదే బొమ్మని వెనక్కి లాగితే మెడ పొడుగై బాతు. గద్దలా పోయినప్పుడే ఎక్కువ బెదిరాయన్నారు.

రెక్కల_రాజ్యం:
సగం చెప్పి ఆపేస్తే ఎలా మాస్టారూ? 1961లో ష్లైట్ అనే శాస్త్రవేత్త టర్కీ కోళ్లతో చూస్తే ఆకారం కాదు, అరుదుగా కనబడేదానికే బెదురు అని తేలింది. రోజూ కనబడితే పట్టించుకోవు. మన ఊళ్లో పావురాలు పొద్దస్తమానం గద్దల్ని చూస్తూనే ఉంటాయి, బడ్జీలకి మాత్రం అది కొత్త.

క్లాసు_మాస్టారు:
అలవాటు పడటం వేరు, సహజాతం వేరు. కొత్తదానికి బెదరడం మాత్రం ఎవరు నేర్పారు?

రెక్కల_రాజ్యం:
గద్ద అని గుర్తుపట్టి బెదరడం వేరు కదా సార్, మాట మారుస్తున్నారు.

కేఆర్‌పురం_కోళ్లు:
రక్తం ఆగిందా లేదా?

బాల్కనీ_బాధితుడు:
ఆగింది. గాలిపటం తీసి లోపల పెట్టా, సాయంత్రానికి గింజలు తిన్నాయి, థాంక్సండీ. పావురాలైతే అది ఉన్నప్పుడు కూడా దాని కర్ర మీదే కూర్చున్నాయి. 450 పెట్టి కొన్నా, ఎవరికైనా కావాలా?