ఆర్‌పీసీ ల్యాబ్: నా ల్యాప్‌టాప్‌లో పనిచేస్తోంది, రూమ్‌మేట్ ల్యాప్‌టాప్ నుంచి కనెక్షన్ రెఫ్యూజ్డ్

ప్రశ్న:
డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ ల్యాబ్ కోసం ఆర్‌పీసీ (ఒక మెషీన్‌లోని ప్రోగ్రామ్ ఇంకో మెషీన్‌లోని ఫంక్షన్‌ని పిలవడం) మీద, పైథాన్‌తో పాటే వచ్చే ఎక్స్‌ఎంఎల్-ఆర్‌పీసీ మాడ్యూల్‌తో చిన్న సర్వర్, క్లయింట్ రాశాను. పుస్తకం నంబరు, తీసుకునేవాళ్ల ఫోన్ నంబరు పంపితే సర్వర్ ఒక కాపీ తగ్గించాలి, అంతే. నా ఉబుంటు ల్యాప్‌టాప్‌లో రెండు టెర్మినల్స్ తెరిచి నడిపితే బాగానే ఉంది. రూమ్‌మేట్ ల్యాప్‌టాప్ నుంచి నా ఐపీ ఇస్తే కనెక్షన్ రెఫ్యూజ్డ్ అంటోంది, పింగ్ మాత్రం వెళ్తోంది. ఇంకోటి, ఫోన్ నంబరుగా 12345 ఇస్తే వెళ్లింది, అసలు నంబరు ఇస్తే ఓవర్‌ఫ్లో ఎర్రర్. పైథాన్‌లో ఇంటీజర్‌కి హద్దు లేదు కదా? సోమవారం వైవా, టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
తమ్ముడూ, డాక్యుమెంటేషన్‌లో ఉన్న ఉదాహరణ అలాగే తీసుకున్నట్టున్నావు, అందులో సర్వర్ అడ్రస్ లోకల్‌హోస్ట్, పోర్టు 8000 అని ఉంటుంది. లోకల్‌హోస్ట్ అంటే నీ మెషీన్‌లోంచి వచ్చిన కాల్స్ మాత్రమే వింటుంది. దాన్ని 0.0.0.0 చెయ్యి, అప్పుడు బయటి మెషీన్ల కాల్స్ కూడా వింటుంది. ఆ తర్వాత రెఫ్యూజ్డ్ అనకుండా చాలాసేపు ఊరికే ఆగిపోతే ఫైర్‌వాల్ చూడు. పాస్‌వర్డ్ ఏమీ లేదు కాబట్టి ఆ వైఫైలో ఉన్న ఎవరైనా పిలవొచ్చు, ల్యాబ్ అవ్వగానే ఆపెయ్.

హద్దు లేనిది పైథాన్‌కే. ఎక్స్‌ఎంఎల్-ఆర్‌పీసీలో ఇంటీజర్ 32 బిట్లే, గరిష్ఠం 2147483647. మన మొబైల్ నంబర్లు పది అంకెలు, 6 నుంచి 9 లోపు అంకెతో మొదలవుతాయి, అంటే ఏ నంబరు ఇచ్చినా దాటిపోతుంది. స్ట్రింగ్‌గా పంపు, ఫోన్ నంబర్లను మనం కూడేది లేదు కదా.

ప్రశ్న వేసినవారు:
రెండు ఎర్రర్లూ పోయాయి అన్నా, చాలా థాంక్స్. కానీ ఇప్పుడు కాపీ తగ్గాక కూడా క్లయింట్‌లో ఫాల్ట్ వస్తోంది, నన్‌ని (పైథాన్‌లో 'ఏమీ లేదు' అనే విలువ) పంపలేను అని. అంతకన్నా పెద్దది, మధ్యలో వైఫై పోయి క్లయింట్ అలా ఉండిపోతే ఆపి మళ్లీ రన్ చేశా, 5 కాపీలు 3 అయ్యాయి.

జవాబు 2:
ఫాల్ట్ సంగతి చిన్నది: మీ ఫంక్షన్ ఏమీ రిటర్న్ చేయట్లేదు, ట్రూ అని రిటర్న్ చేయండి, లేదా సర్వర్‌లో నన్‌ని అనుమతించే ఆప్షన్ ఆన్ చేయండి.

రెండోది మాత్రం వదిలేయకండి, ఆర్‌పీసీలో అసలు చిక్కు అదే. మామూలు ఫంక్షన్‌ని పిలిచినట్టే కనిపిస్తుంది గానీ, జవాబు రాకపోతే మన రిక్వెస్టే చేరలేదో, పని అయిపోయి జవాబు దారిలో పోయిందో క్లయింట్‌కి తెలిసే దారి లేదు. జెరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రం పార్క్ (PARC)లో ఆర్‌పీసీ కట్టిన బిరెల్, నెల్సన్ 1984 పేపర్‌లోనే ఇది చెప్పారు: కాల్ జవాబుతో తిరిగొస్తే పని కచ్చితంగా ఒక్కసారే జరిగినట్టు, ఎర్రర్ వస్తే ఒకసారి జరిగి ఉండొచ్చు, అసలు జరగకపోయి ఉండొచ్చు. వైవాలో ఇది అడిగే అవకాశం ఎక్కువ.

మీ ప్రోగ్రామ్‌లో చేయాల్సింది ఏంటంటే, పుస్తకం ఇచ్చే ప్రతిసారీ క్లయింట్ ఒక యూయూఐడీ (ఇంకెక్కడా రాని ప్రత్యేక ఐడీ) తయారుచేసి కాల్‌తో పాటు పంపాలి, మళ్లీ ప్రయత్నిస్తే కొత్తది కాదు, అదే ఐడీ. సర్వర్ ఆ ఐడీ ముందే చూసి ఉంటే కాపీ తగ్గించకుండా పాత జవాబే తిరిగి ఇవ్వాలి. ఎన్ని కాపీలున్నాయో చదివి చెప్పే కాల్స్‌కి ఇదంతా అక్కర్లేదు, ఎన్నిసార్లు అడిగినా నష్టం లేదు.

ప్రశ్న వేసినవారు:
ఐడీలు, వాటి జవాబులు మెమరీలో ఒక పైథాన్ డిక్షనరీలో పెట్టాను. కాపీ తగ్గించి, ఐడీ రాసుకున్నాక జవాబు పంపే ముందు 10 సెకన్లు స్లీప్ పెట్టి, ఆ గ్యాప్‌లో వైఫై తీసేసి చూశాను. అదే ఐడీతో మళ్లీ పిలిస్తే 4 కాపీలు 4 గానే ఉన్నాయి అండి! సర్వర్ రీస్టార్ట్ అయితే డిక్షనరీ పోతుంది కదా, దానికేం చేయాలి?

జవాబు 2:
ఎస్‌క్యూలైట్‌లో (డిస్క్ మీద ఫైల్‌లో దాచే చిన్న డేటాబేస్) పెట్టండి. కాపీ తగ్గించడం, ఐడీ రాయడం రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో (అయితే రెండూ అవుతాయి, లేదంటే ఏదీ అవ్వదు) ఉండాలి, విడివిడిగా రాస్తే ఆ రెండింటి మధ్యలో సర్వర్ పడిపోయినప్పుడు మళ్లీ మొదటికే వస్తారు.