అప్‌డేట్: బాండెడ్ తూటా ఎముకకు తగిలినా ఎందుకు ముక్కలవలేదు?

టెక్సాస్‌లో మా బావగారు కొట్టిన అడవిపంది భుజం ఎముకను పగలగొట్టిన బాండెడ్ తూటా (లోపలి సీసాన్ని పైనున్న రాగి తొడుగుకు అతికించి చేసినది), చెదిరిపోకుండా అవతలి చర్మం కింద ఎలా ఆగిందని అమలాపురం నుంచి అడిగింది నేనే. (మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేని వేట నేరం, నాది ఉత్త కుతూహలమే.)

మీరు చెప్పినట్టే ఆయన దానిని కడిగి, తూచి, ఫొటో పంపారు. 180 గ్రెయిన్ల తూటా, అంటే సుమారు 11.7 గ్రాములది, 10.1 గ్రాములు మిగిలింది, 7.8 మిల్లీమీటర్ల వ్యాసం ముందువైపున 15 దాకా పుట్టగొడుగులా విచ్చుకుంది. వెనక్కి ముడుచుకున్న రాగి రేకుల లోపలివైపున సీసం ఇంకా అంటుకునే ఉంది. ఇత్తడి గిన్నెకు కళాయి పట్టినట్టు సీసాన్ని రాగి తొడుగుకు లోహబంధంతో అతికిస్తారు కాబట్టి, మామూలు తూటాలో తరచుగా జరిగేలా ఆ రెండూ విడిపోలేదు. మిగిలిన ఆ బరువే దానిని లోతుకు తోసింది.

ఎంత విచ్చుకుంటే అంత లోతుకు పోతుందనుకోవడం నా పొరపాటు. వెడల్పు పెరిగితే కండ నిరోధమూ పెరుగుతుంది. ఇది 80 గజాల దెబ్బ. దూరం పెరిగి వేగం బాగా తగ్గితే తూటా సరిగా విచ్చుకోక, సన్నని రంధ్రం చేసి దాటిపోవచ్చు.