సమస్యాపూరణం: "కడుగఁ గడుగఁ గంపు గట్టిపడియె"

సభాపతి: ఈసారి సమస్య ఆటవెలది నాలుగో పాదం. అమెరికాలో ఇంట్లో బీరు చేసుకునే మనవాళ్ళు దాన్ని పులియబెట్టే ప్లాస్టిక్ బకెట్ల వాసన గురించి తెగ మాట్లాడుకుంటున్నారు కదా, సందర్భం అదే తీసుకుందాం. అక్కడ 1978 చట్టం తర్వాత సొంతానికి చేసుకోవడం ఫెడరల్‌గా తప్పు కాదు కాబట్టి మొహమాటం వద్దు, రాయండి.

కృష్ణాతీరం: నా పూరణ, గురువుగారూ.

పీచు పెట్టి తోమఁ బీటలై గీతలై
పాత పులుపు వాటఁ బాతుకొనియె
వేడి నీట నేను వేసారి రుద్దుచుఁ
గడుగఁ గడుగఁ గంపు గట్టిపడియె

సభాపతి: గణాలు, యతులు అన్నీ కుదిరాయమ్మా. "పాతుకొనియె" చాలా బాగుంది. కానీ బీటలంటే పగుళ్ళు, పీచుతో తోమితే పడేవి గీతలే, ఆ మాట యతి కోసం తెచ్చినట్టుంది. "పీచు పెట్టి తోమఁ బెక్కు గీతలు వడె" అంటే యతీ నిలుస్తుంది, విషయమూ సూటిగా ఉంటుంది.

చెరుకుగడ: నేను ఇంట్లో బీరు చేస్తాను కాబట్టి చెప్తున్నా, ఆ రెండో పాదం అక్షరాలా నిజం అక్కా. గీతల్లో లాక్టోబాసిల్లస్ లాంటి పులిపించే బ్యాక్టీరియా దాక్కుంటే శానిటైజర్ అక్కడిదాకా సరిగ్గా పోదు, తర్వాతి బ్యాచ్ పులిసిపోతుంది, అందుకే మెత్తటి స్పాంజి తప్ప ఏదీ ముట్టించకూడదు. ఇంకోటి, కంపు పైన అంటుకుని ఉండేది కాదు. ఈ బకెట్లు ఎక్కువగా హెచ్‌డీపీఈ అనే రకం ప్లాస్టిక్, నూనెలో కరిగే వాసనలు అందులోకి ఇంకిపోతాయి, ఆవకాయ పెట్టిన ప్లాస్టిక్ డబ్బా ఎన్ని కడుగులు కడిగినా ఆవకాయ వాసనే కొట్టేది అందుకే. అది మళ్ళీ బయటికి రావాలంటే టైమ్ ఇవ్వాలి, రుద్దితే రాదు.

నీలిమబ్బు: నాది శాండ్‌విచ్ షాపు వాళ్ళు పారేస్తుంటే తెచ్చుకున్న బకెట్ మీద.

ఊరగాయ డబ్బ యూరకే వచ్చెను
లోన వెనిగ రుల్లి లొంగ లేదు
బ్లీచు పోసినాను రాత్రంత నానెను
కడుగఁ గడుగఁ గంపు గట్టిపడియె

సభాపతి: ఎత్తుగడ హాయిగా ఉంది తమ్ముడూ, "డబ్బ యూరకే" దగ్గర స్వరయతి చక్కగా పడింది. మూడో పాదంలో మాత్రం బ్లీ-రా యతి చెల్లదు. "బ్లీచు పోసి రాత్రి బిగియించి యుంచినఁ" అని మార్చి, కింద "గడుగఁ గడుగఁ" అని చదువుకో.

చెరుకుగడ: గురువుగారి సవరణతో పద్యం కుదరడమే కాదు కారణం కూడా దొరికింది, మూత బిగించి ఉంచితే వాసన ఎక్కడికి పోతుంది తమ్ముడూ! బ్లీచ్ అవసరమైతే బాగా పలచన చేసి కొద్దిసేపే ఉంచి చాలాసార్లు తొలిచెయ్, క్లోరిన్ మిగిలితే బీరులో ఉండే ఫినాల్స్ అనే రసాయనాలతో కలిసి ప్లాస్టర్ పట్టీ లాంటి మందు వాసన వస్తుంది, ఆ బ్యాచ్ ఇక తాగలేం. బ్లీచ్‌లో వెనిగర్ మాత్రం ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు పుడుతుంది. ఇదిగో నా పూరణ, కంపు పోలేదనేవాళ్ళకి జవాబుగా రాశా.

సోడ వేయ వీవు సూర్యునిఁ జూపవు
మూత తీసి గాలి ముట్టనీవు
నురగ సబ్బుతోడ నూరుసార్లొక్కటే
కడుగఁ గడుగఁ గంపు గట్టిపడియె

సభాపతి: తప్పు సబ్బు మీద కాకుండా మనిషి మీద పెట్టి సమస్యని విడదీశావు, ఈసారికి ఇదే మేలైన పూరణ. "ఒక్కటే" వాడుక మాటే అయినా ఇక్కడ దాని ఊపు నాకు నచ్చింది, మార్చను. సోడ అంటే ఏ సోడానో మాత్రం చెప్పు.

చెరుకుగడ: సోడియం పెర్కార్బొనేట్ గురువుగారూ, మరకలు పోగొట్టే ఆక్సీక్లీన్ పొడి ఉంది కదా, సువాసన కలపని దాంట్లో ఉండేది అదే. నీళ్ళలో హైడ్రోజన్ పెరాక్సైడ్, సోడియం కార్బొనేట్‌గా విడిపోతుంది. గాలనుకి ఒక టేబుల్ స్పూను, గోరువెచ్చటి కంటే కాస్త వేడి నీళ్ళు, రాత్రంతా నానబెట్టి, చేతికి గ్లవ్స్ వేసుకుని తొలిచి, మూత తీసి ఎండలో పెట్టాలి, తగ్గకపోతే మళ్ళీ అదే. బ్రూయర్లు వాడే స్టార్ శాన్ పోస్తే వాసన పోదు, అది క్రిముల్ని చంపే శానిటైజర్ మాత్రమే.

కృష్ణాతీరం: మరి బకెట్‌కి పెట్టే పైపు, కుళాయి రబ్బరు వాషరు?

చెరుకుగడ: అవి వాసన పడితే మార్చెయ్యడమే అక్కా, ముఖ్యంగా రూట్ బీర్ అనే ఘాటు వాసన కూల్‌డ్రింకు ఫ్లేవర్ తగిలిన పైపు బాగుపడటం నేను చూళ్ళేదు, కొత్తది చవకే. బకెట్ సంగతి తేల్చుకోవాలంటే మంచినీళ్ళు పోసి మూత పెట్టి మర్నాడు ఆ నీళ్ళు వాసన చూడండి, ఏమీ లేకపోతే వోర్ట్, అంటే ఇంకా పులియని బీరు రసం, పోసుకోవచ్చు, ఇంకా ఉంటే ఆ బకెట్ ధాన్యం నిల్వకి వాడుకోండి.